ఎదురుగాలిలో ఈకల ఎర

అర గ్రాము బరువైనా లేని ఈకల ముడి ఒకటి చేతికిచ్చి, ఎదురుగాలిలో పదిహేను మీటర్ల దూరాన పడేలా విసరమంటే ఎవరైనా ఏం చేస్తారు? బలం కొద్దీ విసురుతారు. అది కాళ్ల దగ్గరే పడుతుంది. ఇంకా గట్టిగా విసురుతారు. ఈసారి వెనక్కి వచ్చి టోపీకి గుచ్చుకుంటుంది. ఉప్పునీటిలో ఫ్లై ఫిషింగ్‌కు మొదటిసారి దిగినవారందరికీ జరిగేది ఇదే. నదిలో ట్రౌట్ చేపలు పట్టడం వచ్చినవారు కూడా సముద్రం దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దుకోవలసిందే. ఈ వేటలో ఒక తమాషా ఉంది. చెయ్యి తనంతట తాను ఏం చేయబోతుందో, దాదాపు ప్రతి ఘట్టంలోనూ అదే తప్పు. ఎందుకు తప్పో భౌతికశాస్త్రం సగం చెబుతుంది, మిగతా సగం చేప ఒంటి తీరు చెబుతుంది.

మనకు తెలిసిన గాలం వేట వేరు. కర్ర, దారం, బెండు, సీసం గుండు, కొక్కేనికి వానపామో రొయ్యో. విసిరినప్పుడు ముందుకు పోయేది గుండు. దాని బరువే దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఈ వరుస తలకిందులవుతుంది. ఈకలు, వెంట్రుకలు, మెరుపు పోగులు కొక్కేనికి చుట్టి తయారుచేసిన ఎరకు, అంటే ‘ఫ్లై’కి, చెప్పుకోదగ్గ బరువు ఉండదు. అందుకని బరువంతా లైన్‌లోనే పెట్టారు. మనం విసిరేది ఎరను కాదు, లైన్‌ను. దాని కొసన ఎర ఊరికే వెంట పోతుంది.

ఈ లైన్లకు నంబర్లుంటాయి. అమెరికాలోని పరికరాల తయారీదారులు 1960ల మొదట్లో ఒక ప్రమాణానికి ఒప్పుకున్నారు. లైన్ మొదటి 30 అడుగుల భాగం ఎన్ని గ్రెయిన్లు తూగుతుందో దాన్నిబట్టి నంబరు. ట్రౌట్ చేపలకు ఎక్కువమంది వాడే 5వ నంబరు లైన్ 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. సముద్రతీరంలో బోన్‌ఫిష్ అనే చేపకు వాడే 8వ నంబరు 210 గ్రెయిన్లు, సుమారు 13.6 గ్రాములు. నాలుగున్నర గ్రాముల తేడాకే ఇంత హడావిడా అనిపిస్తుంది. ఆ తేడా అంతా గాలి కోసం.

గాలి సంగతికి వచ్చేముందు స్థలం సంగతి. ఈ వేటకు పేరుపొందిన చోట్లలో ముఖ్యమైనవి అమెరికా దక్షిణపు అంచున ఉన్న ఫ్లోరిడా కీస్ దీవులు, వాటికి తూర్పున ఉన్న బహామాస్. మోకాలి లోతు, కొన్నిచోట్ల చీలమండ లోతు నీళ్లు మైళ్ల పొడవునా పరుచుకుని ఉంటాయి. వీటిని ఫ్లాట్స్ అంటారు. పోటు వచ్చినప్పుడు చేపలు ఈ పలుచని నీళ్లలోకి మేతకు వస్తాయి, పాటు మొదలవగానే లోతుకు జారుకుంటాయి. 1947లో ఫ్లోరిడా కీస్‌లోని ఇస్లామొరాడా దగ్గర జో బ్రూక్స్ అనే రచయిత, జిమ్మీ ఆల్‌బ్రైట్ అనే గైడ్ పడవ మీదినుంచి పనిగట్టుకుని ఫ్లైతో బోన్‌ఫిష్‌ను పట్టి ఆ సంగతి రాశాక ఈ వేటకు ఊపు వచ్చింది. అంతకుముందు ఆ తీరంలో ఫ్లైతో బోన్‌ఫిష్ పడలేదని కాదు. ఇలా కూడా పట్టవచ్చని లోకానికి నమ్మకం కలిగింది మాత్రం అప్పుడే.

ఈ వేటంతా కంటితో చేప జాడ పట్టి, దానికి గురిచూసి ఎర వేయడం. కాబట్టి నీళ్లు తేటగా ఉండాలి. బహామాస్‌లో చెప్పుకోదగ్గ నది ఒక్కటీ లేదు. సముద్రంలోకి మట్టి తెచ్చేవారు లేరు. అడుగున ఉన్నది సున్నపు ఇసుక, తెల్లగా మెరుస్తుంది. మన కోరంగి మడ అడవుల పక్కనా బురద మేటలున్నాయి, పోటుపాట్లున్నాయి, రొయ్యలూ పీతలూ వాటిని తినే చేపలూ ఉన్నాయి. కానీ గోదావరి మోసుకొచ్చే ఒండ్రు కలిసిన ఆ నీళ్లలో అడుగు లోతున ఏముందో కనిపించదు. అక్కడ చేప ఎర వాసన పట్టి వస్తుంది, మనిషి వల మీద ఆధారపడతాడు. ఏ తీరం వేట ఆ తీరం నీళ్లనుబట్టి పుడుతుంది.

ఇక విసురు. రాడ్ తొమ్మిదడుగుల కార్బన్ ఫైబర్ కర్ర. దాన్ని వెనక్కి ఊపి ఆపితే లైన్ మన వెనక గాలిలో చాచుకుంటుంది. పూర్తిగా చాచుకున్న క్షణంలో ముందుకు తేవడం మొదలుపెడితే లైన్ జడత్వం రాడ్‌ను వంచుతుంది. నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ పోయి, ఠక్కున ఆపాలి. రాడ్ కొన ఆగుతుంది, లైన్ ఆగదు. కొనను దాటి ముందుకు దూకుతుంది. అప్పుడు గాలిలో లైన్ రెండు పాయలవుతుంది. కింది పాయ రాడ్ కొనకు కట్టుబడి నిలిచిపోతుంది. పై పాయ ముందుకు పరుగెడుతూ మలుపు దగ్గర తిరగబడి కింది పాయలో కలిసిపోతూ ఉంటుంది. ఈ మలుపును లూప్ అంటారు.

పై పాయ క్షణక్షణానికీ పొట్టిదవుతోంది, అంటే కదిలే ద్రవ్యరాశి తగ్గుతోంది. దానిలో ఉన్న శక్తి అంత త్వరగా ఎక్కడికీ పోదు. కాబట్టి మిగిలిన కాస్త లైన్‌కు వేగం పెరగాలి. చెర్నాకోల ఝళిపించినప్పుడు కొస ధ్వని వేగాన్ని మించి ఛెళ్లుమనేది ఈ కారణంగానే. ఫ్లై లైన్ వేగం అంత దూరం వెళ్లదు. గాలి దానికి అడ్డుపడి పెరగవలసిన వేగాన్ని తినేస్తుంది. 1986లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో స్పోలెక్ అనే ఇంజనీరు రాసిన వ్యాసం ఈ లెక్కను శక్తి నిత్యత్వ సూత్రంతో కట్టి చూపింది. తర్వాత మరికొందరు దాన్ని సవరిస్తూ, పెంచుతూ వచ్చారు. కాలక్షేపపు ఆటగా కనిపించే ఈ విసురు, లెక్క కట్టబోతే అంత తేలిగ్గా లొంగేది కాదు.

ఇందులో కొత్తవారికి కావలసిన మాట ఒక్కటే. లూప్‌ను పుట్టించేది ఊపు కాదు, ఆపు. రాడ్‌ను ఆపకుండా కిందిదాకా తెచ్చేస్తే కొన పెద్ద వలయం గీస్తుంది, లూప్ వెడల్పై గాలికి ఎదురు నిలుస్తుంది. పోనీ బలమంతా ఒక్కసారిగా మొదట్లోనే పెడితే రాడ్ మరీ వంగి, కొన దారి మధ్యలో కిందికి కుంగుతుంది. పై పాయ కింది పాయను దాటి చిక్కుకుని, ఎరకు ముందున్న సన్నదారంలో ముడి పడుతుంది. ఫ్లై వేటగాళ్లు దీన్ని గాలి వేసిన ముడి అంటారు. పాపం గాలికి ఏ సంబంధమూ లేదు. కొన వీలైనంత సరళరేఖలో ప్రయాణించాలి, అంతే. గడియారంలో పది, రెండు అంకెల మధ్యే రాడ్ కదలాలని పాత పుస్తకాలు బోధించేవి. మేరీలాండ్‌కు చెందిన లెఫ్టీ క్రే (1925–2018), ఈ విద్యను లక్షలమందికి చేరువ చేసిన మనిషి, ఈ గడియారం పాఠాన్ని ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఆయన మాటే సరి. వాగులో తొమ్మిది మీటర్ల విసురుకు పనికొచ్చిన సూత్రం తీరంలో ఎదురుగాలికి చాలదు. లైన్ ఎంత పొడవు బయట ఉంటే చెయ్యి కదలిక అంత పొడవు కావాలి.

ఎదురుగాలి లెక్క కాస్త కఠినం. గాలి నిరోధం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. లైన్ సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. ఎదురుగా సెకనుకు ఏడున్నర మీటర్ల గాలి వీస్తే, లైన్‌కు తగిలే గాలి వేగం ఒకటిన్నర రెట్లు, నిరోధం రెండుంబావు రెట్లు. తీరంలో ఆ మాత్రం గాలి మామూలే. నంబరు పెంచడం ఇందుకే ఉపయోగపడుతుంది. లైన్ మందం రెట్టింపయితే గాలికి తగిలే వైశాల్యం రెట్టింపవుతుంది, బరువు మాత్రం నాలుగు రెట్లవుతుంది. అంటే బరువైన లైన్ గాలిని చీల్చుకుపోగలదు. రెండు కిలోల చేపకు 8వ నంబరు రాడ్ అనవసరం కదా అని అడిగేవారికి ఇదే జవాబు. ఆ రాడ్ చేప కోసం కాదు, గాలి కోసం. దీనికి తోడు ‘డబుల్ హాల్’ అనే కిటుకు ఉంది. రాడ్ ఆపబోయే ముందు ఎడమచేత్తో లైన్‌ను కిందికి చురుగ్గా గుంజి, మళ్లీ వదిలిపెట్టడం. ఆ గుంజుడు నేరుగా లైన్ వేగానికి కలుస్తుంది. రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు ఒకే లయలో చేయాలి గనుక మొదట చాలామందికి ఇది చిరాకు తెప్పిస్తుంది.

చూపు దగ్గరికి వద్దాం. నన్నడిగితే ఈ వేటలో విసురు కన్నా ఇదే కష్టం, ఇదే అందం కూడా. బోన్‌ఫిష్ పొలుసుల్లో గ్వానిన్ అనే పదార్థపు స్ఫటికాల పొరలుంటాయి. చుట్టూ ఉన్న ఇసుకనూ గడ్డినీ నీటి రంగునూ అవి తిరిగి ప్రతిబింబిస్తాయి. అందుకని చేపను చూడాలని చూస్తే చేప కనిపించదు. ఇసుక మీద దాని నీడ కనిపిస్తుంది. బురద కెలికినప్పుడు లేచిన మసక కనిపిస్తుంది. తల కిందికి పెట్టి పీతలను తవ్వుకుంటుంటే చీలిన తోక కొన నీటి పైకి వచ్చి మెరుస్తుంది. గైడ్ పడవ ముక్కును పన్నెండు గంటలుగా లెక్కపెట్టి, పదకొండు గంటల దిక్కున, నలభై అడుగుల దూరాన అని చెబుతాడు. కొత్తవాడికి అక్కడ నీళ్లు తప్ప ఏమీ ఉండవు.

అలా ఎందుకంటే, నీటిని ఎంత ఏటవాలుగా చూస్తే అది అంత ఎక్కువగా ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడినవాడి కన్ను నీటికి సుమారు 1.3 మీటర్ల పైన ఉంటుంది. 15 మీటర్ల దూరాన నీటిని అతను 5 డిగ్రీల వాలుతో చూస్తాడు. ఆ వాలులో పడిన వెలుతురులో సగానికి పైగా నీటి ఉపరితలం నుంచే తిరిగివస్తుంది. పడవ వెనక ఎత్తయిన వేదిక మీద పొడవాటి గడ పట్టుకుని నిలబడ్డ గైడ్ కన్ను మూడు మీటర్ల పైన ఉంటుంది. అతనికి 11 డిగ్రీల వాలు. తిరిగివచ్చే వెలుతురు పావు వంతుకు కాస్త ఎక్కువ. గైడ్ కళ్లలో మహత్తు ఏదో ఉందనుకుంటారు. అనుభవం నిజమే, కానీ దానికి వేదిక ఎత్తు కూడా తోడుంది.

నల్లద్దాలు పెట్టుకుంటే చాలదు, అవి పోలరైజ్డ్ అద్దాలు కావాలి. నీటి మీద నుంచి పరావర్తనం చెందిన కాంతి ఎక్కువగా అడ్డ దిశలో కంపిస్తుంది. పోలరైజ్డ్ అద్దం ఆ దిశను ఆపేసి మిగతాదాన్ని రానిస్తుంది. 1929లో ఎడ్విన్ లాండ్ పోలరైజింగ్ పలకకు పేటెంట్ దరఖాస్తు పెట్టాక ఇది చవకగా సాధ్యమైంది. నిలువు గీత నుంచి 53 డిగ్రీల కోణంలో చూసినప్పుడు ఈ అద్దం పరావర్తనాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. దాన్నే బ్రూస్టర్ కోణం అంటారు. దూరం పెరిగి ఆ కోణం పెద్దదయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. నీటిలో నిలబడ్డవాడికి 15 మీటర్ల దగ్గర అద్దం చేసే మేలు కొద్దిపాటిదే. వేదిక మీది గైడ్‌కు మాత్రం అదే అద్దం మెరుపును బాగా తగ్గిస్తుంది.

అయితే ఈ లెక్కకు రెండో వైపు ఒకటుంది. కాంతి దారి ఎటునుంచి ఎటైనా ఒకటే. మనకు చేపను దాచిపెట్టే వాలే చేపకు మనల్నీ దాచిపెడుతుంది. నీటి కిందినుంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచం మొత్తం తల మీద ఒక గుండ్రటి కిటికీలోకి కుదించుకుని కనిపిస్తుంది. దీనికి స్నెల్ కిటికీ అని పేరు. దాని అంచు నిలువు నుంచి 48.6 డిగ్రీల దగ్గర ఉంటుంది. 30 సెంటీమీటర్ల లోతున ఉన్న చేపకు ఆ కిటికీ వ్యాసం 68 సెంటీమీటర్లు. క్షితిజం నుంచి 10 డిగ్రీల ఎత్తు వరకు ఉన్న దృశ్యమంతా ఆ కిటికీ అంచున కేవలం 1 డిగ్రీ వెడల్పు పట్టీలోకి నలిగిపోతుంది. దూరాన వంగి నిలబడ్డ మనిషి ఆ పట్టీలో ఎక్కడో మసకగా ఉంటాడు. అదే తొమ్మిదడుగుల రాడ్‌ను పైకెత్తి ఆడించినా, చేప నెత్తి మీదుగా లైన్‌ను అటూ ఇటూ ఊపినా, ఆ కదలిక కిటికీ మధ్యలో, వెలుతురులో కనిపిస్తుంది. ఆ ఫ్లాట్ మీద మనుగడ సాగించే చేపకు పైనుంచి వచ్చే నీడ అంటే వేటాడే పక్షి. మరుక్షణం అక్కడ ఇసుక తప్ప ఏమీ ఉండదు. మొదటిసారి వెళ్లినవారు ఎక్కువ చేపలను ఇలాగే పోగొట్టుకుంటారు. దూరం చాలదేమోనన్న భయంతో నాలుగైదు సార్లు గాలిలో ఊపుతారు. ఒకటి రెండు ఊపుల్లో వేసేయాలి.

ఇక్కడ గాలి మళ్లీ వస్తుంది, ఈసారి మిత్రుడిగా. అల కదిలిన నీటి మీద కిటికీ చెదిరిపోతుంది, లైన్ పడిన చప్పుడు కలిసిపోతుంది. నిశ్చలమైన నీటిలో మాత్రం లైన్ చప్‌మని పడితే చేప పక్కనున్న పార్శ్వరేఖకు ఆ కదలిక తెలిసిపోతుంది. పార్శ్వరేఖ అంటే చేప ఒంటి వెంబడి పొడవునా ఉండే గ్రాహకాల వరుస, నీటి స్వల్ప కదలికలనూ పసిగడుతుంది. అందుకే లైన్‌కూ ఎరకూ మధ్య తొమ్మిది నుంచి పన్నెండు అడుగుల లీడర్ ఉంటుంది. మొదట మందంగా మొదలై కొసకు సన్నబడుతుంది. లూప్‌లో మిగిలిన శక్తిని క్రమంగా ఖర్చుపెట్టి, ఎరను నీటి మీద మెత్తగా దింపుతుంది.

ఎర ఎక్కడ పడాలి? చేప ముక్కు మీద కాదు. అది పోతున్న దారిలో ఒకటి రెండు మీటర్ల ముందు పడి, చేప అక్కడికి వచ్చేసరికి అడుగుకు చేరాలి. ఆ తర్వాత చిన్నగా ఒక గుంజు. రొయ్య పారిపోతున్నట్టు అది చేపకు దూరంగా జరగాలి. చేప మీదికి దూసుకొచ్చే రొయ్యను ఏ చేపా చూసి ఉండదు. ఎర కోణం తప్పి చేప వైపు కదిలిందా, చేప బెదిరిపోతుంది. ఎర అమరికలోనూ ఇంత ఆలోచన ఉంది. 1970లలో బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో చార్లీ స్మిత్ అనే గైడ్‌తో కలిసి తిరిగిన కాలిఫోర్నియావాసి బాబ్ నౌహైమ్ తయారుచేసిన ‘క్రేజీ చార్లీ’ ఇప్పటికీ ప్రతి పెట్టెలో ఉంటుంది. కొక్కెం కాడ మీద, దారం ముడి పడే కొన దగ్గర, రెండు పూసల కళ్లు కడతారు. బరువు అటు చేరేసరికి కొక్కెం నీటిలో తిరగబడి మొన పైకి ఉంటుంది. అడుగున గడ్డికీ రాళ్లకీ తగులుకోదు. పీతలూ గుల్లలూ అడుగున వెతుక్కునే చేపకు, అడుగున ఎగిరి పడే రొయ్యలాగే కనిపిస్తుంది.

చేప ఎరను నోట పట్టిందనుకుందాం. చెయ్యి రాడ్‌ను పైకెత్తబోతుంది. వాగులో ట్రౌట్‌కు అదే పద్ధతి. ఇక్కడ అదే తప్పు. రాడ్ ఎత్తితే రాడ్ వంగి మన బలాన్ని తానే మింగేస్తుంది, ఎర అడుగు నుంచి లేచి చేప కంటికి అందకుండా పోతుంది. రాడ్‌ను నీటి వైపే పెట్టి, ఎడమచేత్తో లైన్‌ను నేరుగా గుంజాలి. గుచ్చుకోకపోయినా ఎర ఒక అడుగు జరుగుతుందంతే. చేప వెంటపడి మళ్లీ పట్టవచ్చు. గైడ్లు రోజంతా అరిచే అరుపు ఇదే, రాడ్ ఎత్తకండని.

తగులుకున్నాక బోన్‌ఫిష్ ఒక్క ఊపులో వంద గజాలు లాక్కుపోవడం అరుదేమీ కాదు. రీల్‌లో ఫ్లై లైన్ అయిపోయి దాని వెనక చుట్టిన సన్నటి దారం బయటికి వస్తుంది. ఇది చూసి రీల్ బ్రేకు బిగించాలనిపిస్తుంది. బిగించకూడదు. బ్రేకు ఇచ్చే మలుపు బలం మారదు గానీ, దారం పోతున్నకొద్దీ రీల్ చుట్ట వ్యాసం తగ్గుతుంది. వ్యాసం సగమైతే లైన్ మీద పడే బిగువు రెట్టింపు. పైగా నీటిలో లాగబడుతున్న వంద గజాల లైన్‌కు నీటి నిరోధం ఉంది. మనం ఏమీ చేయకుండానే బిగువు పెరుగుతోంది. ఆ సమయంలో బ్రేకు తిప్పినవాడి సన్నదారం పుటుక్కున తెగుతుంది. ముందే, ఒడ్డు మీదే, దారం ఓర్చగల బలంలో పావు వంతుకు బ్రేకు సర్దుకుని ఆ తర్వాత దాని జోలికి పోకపోవడం మేలు.

చేప చేతికి వచ్చాక పట్టినవారు దాన్ని వదిలేస్తారు. మనలో చాలామందికి ఇక్కడ నవ్వొస్తుంది. ఇంత తంటాలు పడి పులుసు కూడా పెట్టుకోరా? ఒళ్లంతా సన్నముళ్లున్న చేప, నిజమే. పులస తినడం వచ్చినవాళ్లను ముళ్లు ఆపలేవు. బహామాస్ వాసులు కూడా దీన్ని తింటారు. కానీ ఫ్లోరిడాలో 2013 నుంచి పట్టిన బోన్‌ఫిష్‌ను వదలడమే చట్టం. మధ్య అమెరికాలోని బెలీజ్ 2009లోనే బోన్‌ఫిష్, టార్పన్, పర్మిట్ అనే మూడు చేపలకూ అలాంటి చట్టం చేసింది. కారణం ఆర్థికం కూడా. 2010లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ఈ వేట బహామాస్‌కు ఏడాదికి 14.1 కోట్ల డాలర్ల రాబడి. ఒకే చేప చాలాసార్లు చాలామందికి తగులుకోవాలంటే అది బతికి ఉండాలి కదా.

వదిలేసినంత మాత్రాన బతుకుతుందా? దీన్ని బహామాస్‌లోని ఎల్యూథెరా దీవి దగ్గర ఆండీ డానిల్‌చుక్, స్టీవెన్ కుక్ తదితర శాస్త్రవేత్తలు పరిశీలించారు. పోరాడినంతసేపూ చేప కండరాలు ఆక్సిజన్ చాలక లాక్టేట్ పేర్చుకుంటాయి. పలుచని నీళ్లు వేడిగా ఉంటాయి, వేడి నీటిలో కరిగే ఆక్సిజన్ తక్కువ. ఫొటో కోసం నీటి పైకి ఎత్తితే మొప్పల రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్న ఊపిరీ ఆగుతుంది. అలా నిలకడ తప్పి ఒరిగిపోయిన చేపలు, వదిలాక సొరచేపలకూ బారకూడాలకూ చిక్కే అవకాశం మిగతావాటికంటే ఆరు రెట్లకు పైగా ఉందని 2007లో వారు ప్రకటించారు. దవడను పట్టి వేలాడదీసే బిగింపు పరికరాలు నోటిని చీలుస్తాయని కూడా చూపారు. ముల్లు లేని కొక్కెం, తడి చేతులు, నీటిలోనే ఉంచి కొక్కెం తీయడం, ఇంతే కావలసింది. చేపను గుండెకు హత్తుకుని తీసిన ఫొటోల మీద నాకు పెద్దగా గౌరవం లేదు.

ఆ చేప బతికితే అది చేసే ప్రయాణం మనం చూసిన మోకాలి లోతు నీళ్లకు అందనిది. చలికాలపు పౌర్ణమి రోజుల్లో బోన్‌ఫిష్ వేలల్లో గుంపుకట్టి తీరపు అంచు దాటి లోతైన సముద్రంలోకి పోతాయి. ఉపరితలానికి వచ్చి గాలి మింగి, వంద మీటర్లకు మించిన లోతుకు దిగి, రాత్రివేళ గుడ్లు పెడతాయి. పుట్టిన పిల్ల చేపలా ఉండదు. పారదర్శకమైన పలుచని రిబ్బన్ ముక్క. రెండు నెలల దాకా సముద్ర ప్రవాహాల్లో తేలి, తీరం చేరి, మొదట కుదించుకుపోయి, ఆ తర్వాతే చేప ఆకారం తెచ్చుకుంటుంది. ఇలాంటి పిల్లదశ చేపల్లో కొద్ది వంశాలకే ఉంది. మన గోదావరి, కృష్ణల్లో దొరికే మలుగు పాములు కూడా ఆ పెద్ద కుటుంబానివే. అవీ సముద్రానికి పోయి గుడ్లు పెడతాయి, వాటి పిల్లలూ రిబ్బన్లుగానే నదికి తిరుగు ప్రయాణం మొదలుపెడతాయి.

ఈ చేప ఇప్పుడు సుఖంగా ఏమీ లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ముప్పు అంచున ఉన్న జాతిగా లెక్కకట్టింది. 2019 సెప్టెంబరులో డోరియన్ తుపాను గ్రాండ్ బహామా, అబాకో దీవుల్లో చేపపిల్లలు పెరిగే మడ అడవులను పెద్ద ఎత్తున తుడిచిపెట్టింది. ఫ్లోరిడాలో సమస్య కంటికి కనిపించనిది. ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు దక్షిణ ఫ్లోరిడాలో 93 బోన్‌ఫిష్‌లను పరీక్షించి 2022లో ఫలితాలు చెప్పారు. ఒక్కో చేప ఒంట్లో సగటున 7 రకాల మందుల ఆనవాళ్లు. ఒక చేపలో 17. రక్తపోటు మాత్రలు, నొప్పి మాత్రలు, కుంగుబాటుకు వాడే మందులు. మనుషులు మింగినవి మురుగునీటి శుద్ధి కేంద్రాలను దాటుకుని సముద్రంలోకి చేరాయి. వదిలేసే వేటలో చేప నోట్లోంచి కొక్కెం తీయగలం గానీ వీటిని తీయలేం.

ఫ్లోరిడాలో ఉన్న తెలుగువారో, అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లినవారో ఎవరైనా ఒకసారి చేసి చూద్దామనుకుంటే, డబ్బు పెట్టాల్సింది ఖరీదైన రాడ్ మీద కాదు, ఒక రోజు గైడ్ మీద. అక్కడ లైసెన్స్ ఉన్న కెప్టెన్ పడవలో వెళితే మీకు విడిగా లైసెన్స్ అక్కర్లేదు. సొంతంగా నీటిలో దిగితే కావాలి. బహామాస్‌లో 2017 నిబంధనల ప్రకారం విదేశీయులకు ఫ్లాట్స్‌లో వేటకు లైసెన్స్ తప్పనిసరి. నీటిలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తకుండా ఇసుకలో జరుపుతూ నడవండి, అడుగున కప్పుకుని పడుకున్న టేకు చేప ముందే తప్పుకుంటుంది. లైన్ వేడి ప్రాంతాలకు తయారైనదేనా చూసుకోండి. చల్లటి నీటి లైన్ ఆ ఎండకు మెత్తబడి చేతికి అతుక్కుంటుంది. సాయంత్రం రీల్‌నూ రాడ్‌నూ మంచినీళ్లతో కడగండి, ఉప్పులోని క్లోరైడ్ అల్యూమినియం మీది రక్షణ పొరను తినేస్తుంది.

వెళ్లే నెల ముందునుంచి ఇంటి దగ్గరి గడ్డి మైదానంలో, కొక్కెం బదులు ఉన్ని ముక్క కట్టి సాధన చేయండి. గాలి లేని రోజున కాదు, గాలి ఉన్న రోజునే వెళ్లండి. పన్నెండు మీటర్ల దూరాన పెట్టిన పళ్లెం పక్కన, ఒకటి రెండు ఊపుల్లో ఉన్ని ముక్కను పడేయగలిగితే చాలు. ముప్పై మీటర్లు విసరగలగడం ఆ తర్వాతి సంగతి. పడవ ఎక్కగానే మీరు కొత్తవారని గైడ్‌కు చెప్పేయండి. అతను మిమ్మల్ని గాలి వెనకనుంచి వీచే వైపు నిలబెడతాడు.